ఓడే జట్టు, ఆపైన ఊరొదిలి వెళ్ళిన జట్టు: ఒక హైదరాబాద్ అభిమానికి సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, మిగతావాళ్ళ కోసం కుదించి చెప్తాను. నువ్వు 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచినప్పుడు ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టావు. ఒక ఏడాది దర్జాగా గడిచింది. ఆ తర్వాత చూసిందల్లా ఓటములే. ఆఫీసులో మలయాళీ కొలీగ్స్ రోజూ ఆడుకుంటున్నారు. 2025 అక్టోబరులో ఏకంగా క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఇప్పుడు నువ్వు అడిగేవి మూడు. ఢిల్లీ జట్టుకే చప్పట్లు కొట్టాలా? కేరళ బ్లాస్టర్స్‌కో బెంగళూరుకో మారిపోవాలా? అసలు ఎప్పుడూ ఓడిపోయే ఊరి జట్టుని పట్టుకుని జనం ఎలా ఉండగలుగుతారు?

మొదటి రెండిటికీ జవాబు చిన్నదే. ఢిల్లీ వాళ్ళకి నువ్వేమీ బాకీ లేవు. బ్లాస్టర్స్ జెర్సీ వేసుకుంటే నిన్నెవరూ జైల్లో పెట్టరు, కానీ అది నీకు అంటదు. ఎందుకు అంటదో తర్వాత చెప్తాను. మూడోదానికే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు నీ లెక్క సరిచేయాలి. కప్పు కొట్టిన రోజు నుంచి చూస్తున్నావు కాబట్టి నీకంతా పతనంలా కనపడుతోంది. మొదటి నుంచీ ఉన్నవాళ్ళకి అలా ఉండదు. ఈ జట్టు పుట్టడమే ఓడుతూ పుట్టింది. 2019 అక్టోబరు 25న కోల్‌కతాలో మొదటి మ్యాచ్, అక్కడి ఏటీకే జట్టు చేతిలో 5-0తో ఓటమి. ఎనిమిది రోజులకి గచ్చిబౌలిలో మొదటి సొంతగడ్డ మ్యాచ్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, మొదటి గోల్ వాళ్ళదే. మన స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు, మార్సెలీన్హో ఫ్రీకిక్‌తో 2-1. ఆ రాత్రి స్టేడియం బయట ఆటో బేరమాడకుండా ఎక్కినవాళ్ళని చూశాను, అంత సంబరం. సీజన్ ముగిసేసరికి 18 మ్యాచుల్లో 2 గెలుపులు, 4 డ్రాలు, 12 ఓటములు. 10 పాయింట్లతో 10 జట్లలో పదో స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని జనవరిలోనే పంపించేశారు.

ఆ తర్వాత వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ దగ్గర మూడు మంచి సీజన్లు చూశాం. మొదటిదాంట్లో ఐదో స్థానం, రెండోదాంట్లో కప్పు, మూడోదాంట్లో లీగ్‌లో రెండో స్థానం వచ్చి సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓటమి. కానీ ఒక విషయం గమనించావా? కోవిడ్ మూలంగా మొదటి రెండు సీజన్లు లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే మన జట్టు చరిత్రలో అత్యుత్తమ ఏడాదిలో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు. మన స్ట్రైకర్ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టి, లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు, అవన్నీ మనం టీవీలో చూసినవే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో బ్లాస్టర్స్‌తో ఫైనల్. స్టేడియమంతా పసుపే, కానీ ఆ పసుపు మనది కాదు. లీగ్‌లో పైన ఉన్నాం కాబట్టి పసుపు జెర్సీ మనకి దక్కింది, బ్లాస్టర్స్ ఆటగాళ్ళు నలుపు వేసుకోవాల్సి వచ్చింది. గ్యాలరీలో వాళ్ళ అభిమానులు మాత్రం పసుపే వేసుకొచ్చారు. తొంభై నిమిషాలు దగ్గరపడుతుండగా మన సాహిల్ తవోరా దూరం నుంచి లాగి కొట్టి 1-1 చేశాడు. షూటౌట్‌లో మన కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1. నువ్వు ఫుట్‌బాల్‌లోకి వచ్చింది ఆ రాత్రే. అంతకంటే మంచి ద్వారం లేదు, ఒప్పుకుంటాను. కాకపోతే అది ఇంటి ముందు గుమ్మం కాదు, పండగ రోజు వేసిన పందిరి.

ఇక 2023-24. మనోలో ఎఫ్‌సీ గోవా జట్టుకి వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళకి జీతాలు అందడం లేదని వార్తలు. కొత్తవాళ్ళని నమోదు చేసుకోకుండా నిషేధం. చింగ్లెన్‌సానా, యాసిర్ లాంటి కప్పు గెలిచినవాళ్ళు సీజన్ మధ్యలోనే వేరే క్లబ్బులకి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను. ఇంటి అద్దె కట్టాల్సిన మనిషిని జెర్సీ మీద ప్రేమతో ఆడమని ఎవరు అడుగుతారు? విదేశీ ఆటగాళ్ళలో చివరికి మిగిలింది ఒక్కడే, కెప్టెన్ జోవావ్ విక్టర్. మిగతాదంతా కుర్రాళ్ళు, వాళ్ళని చూసుకున్నది కోచ్ తాంగ్‌బోయ్ సింగ్తో. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ మార్చిలో చెన్నైయిన్ మీద 1-0. 5 డ్రాలు, 16 ఓటములు. సీజన్ మొత్తం మీద మనం కొట్టినవి 10 గోల్స్. మరుసటి ఏడు యాజమాన్యం మారింది, 24 మ్యాచుల్లో 18 పాయింట్లతో 13 జట్లలో పన్నెండో స్థానం వచ్చింది. కొచ్చిలో బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించడం ఒక్కటే ఆ ఏడాది నేను నలుగురికి చెప్పుకున్న మ్యాచ్. తర్వాత ఢిల్లీ కథ.

నాకు ఎక్కువ గుర్తున్నది, నిజం చెప్తే ఇష్టమైనది కూడా, ఆ 10 గోల్స్ సీజనే. అదేదో త్యాగం అనుకోకు. గెలిచే జట్టుని చూసేటప్పుడు కళ్ళు బంతి వెంట పోతాయి. ఓడే జట్టుని చూడాలంటే చూడటం నేర్చుకోవాలి, లేదంటే ముప్పయ్యో నిమిషానికే ఫోన్ బయటికొస్తుంది.

గచ్చిబౌలి స్టేడియం ఫుట్‌బాల్ కోసం కట్టింది కాదు. స్టాండుకీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది, గోల్‌పోస్ట్ వెనక కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో అరుపులని బట్టి ఊహించుకోవాల్సిందే. అందుకని నేను పక్క స్టాండులో, వీలైనంత పైమెట్ల మీద, సెంటర్ లైన్‌కి కాస్త అటుగా కూర్చునేవాణ్ణి. అక్కణ్ణించి నలుగురు డిఫెండర్ల వరస ఒక తాడులాగా కనపడుతుంది. బంతి ఎడమకి వెళ్తే తాడు మొత్తం ఎడమకి జరగాలి. మనవాళ్ళలో ముగ్గురు జరిగేవారు, నాలుగోవాడు అర సెకను ఆలస్యం. ఆ అర సెకనులోకే అవతలి వింగర్ దూరేవాడు. గోల్ పడ్డాక టీవీలో రీప్లే చూసేవాళ్ళు కీపర్ని తిడతారు. పైమెట్ల మీద ఉన్నవాడికి నాలుగు పాస్‌ల ముందే తెలుసు, ఎక్కడ తెగిందో.

జోవావ్ విక్టర్‌ని చూస్తూ కూర్చోవడం ఒక చదువు. బంతి పోయిన ప్రతిసారీ అతను ముందు తన చోటుకి కాదు, తన పక్కనున్న కుర్రాడి చోటుకి చూసేవాడు. చేత్తో వెనక్కి, పక్కకి, ఇంకొంచెం అని సైగ. కుర్రాడు సర్దుకున్నాక తను పరిగెత్తేవాడు. రెండు గోల్స్ వెనకబడ్డాక కూడా అదే పని. స్కోరుబోర్డులో దాని ఊసే ఉండదు. ఆ సీజన్ స్కోర్లు నాకు సగం గుర్తు లేవు, ఆ చెయ్యి మాత్రం గుర్తుంది.

ఇంకొకటి, 70వ నిమిషం. ఐఎస్ఎల్‌లో ఒక జట్టు ఒకేసారి నలుగురు విదేశీయుల్ని ఆడించొచ్చు. అవతలి వైపు నలుగురు, మన వైపు ఒక్కడు. పైగా వాళ్ళు బెంచీ మీద నుంచి దింపేది జాతీయ జట్టు ఆటగాణ్ణి, మనం దింపేది మొన్నటిదాకా రిజర్వు జట్టులో ఉన్నవాణ్ణి. కాబట్టి 60, 65 నిమిషాల దాకా 0-0గా లాక్కొచ్చి, తర్వాత కాళ్ళు బరువెక్కి గోల్ ఇచ్చేసేవారు. ఇది తెలిస్తే ఓటమి మీద కోపం వేరే రకంగా ఉంటుంది. 'పనికిరానివాళ్ళు' అనే మాట నోట్లోకి రాదు. తమకున్న సరుకుతో ఎంతసేపు నిలబడ్డారో చూస్తావు. గత మ్యాచ్‌లో 58వ నిమిషం దాకా నిలబడినవాళ్ళు ఈసారి 74 దాకా నిలబడితే నాకది పండగే. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. ఆవిడతో వాదించను.

అయితే చూడటం నేర్చుకున్నంత మాత్రాన అన్నీ మింగేసి కూర్చోమని కాదు. విధేయత అంటే చాలామంది నోరు మూసుకోవడం అనుకుంటారు. నా దృష్టిలో క్లబ్బులో మూడు వేర్వేరు సంగతులున్నాయి: ఆడేవాళ్ళు, నడిపేవాళ్ళు, స్టాండులో నీ పక్కన కూర్చునేవాళ్ళు. అభిమానం మొదటివాళ్ళకి, మూడోవాళ్ళకి. నడిపేవాళ్ళకి మనం ఇవ్వాల్సింది ప్రశ్నలు. జీతాలు రావడంలేదని తెలిసిన నెలల్లో నేను టికెట్ కొన్నాను, ఎందుకంటే ఖాళీ స్టేడియంలో ఆడటం ఆ కుర్రాళ్ళకి శిక్ష. కొత్త జెర్సీ మాత్రం కొనలేదు. మైదానంలో తప్పు పాస్ ఇచ్చిన ఇరవయ్యేళ్ళవాణ్ణి పేరుపెట్టి తిట్టేవాణ్ణి పక్కనుంచి ఆపాను, వీఐపీ బాక్సు వైపు తిరిగి అరిచేవాళ్ళతో గొంతు కలిపాను. దక్కన్ లీజియన్ అని అభిమానుల బృందం ఒకటి ఉండేది, డప్పులతో వచ్చేవాళ్ళు. మూడు గోల్స్ వెనకబడ్డా డప్పు ఆగేది కాదు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళకి ఒకటే చెప్తాను: ఆటగాడికి స్కోరుబోర్డు ఎలాగూ కనపడుతుంది, దాన్ని మళ్ళీ మనం చదివి వినిపించక్కర్లేదు.

యజమాని సంగతి ఎందుకు వేరుగా చూడమంటున్నానంటే, మన లీగ్ కట్టిన తీరే అలాంటిది. యూరప్‌లో అడుగున మిగిలిన జట్టు కింది డివిజన్‌కి పడిపోతుంది. అది భయంకరమే, కానీ అక్కడ కూడా ఆడుకోవచ్చు, ఊళ్ళోనే ఉంటుంది. ఐఎస్ఎల్‌లో మనం రెండుసార్లు అడుగున మిగిలినా కిందికి పడలేదు. కానీ ఒక సంతకంతో వెయ్యిన్నర కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపోయాం. ఫ్రాంచైజీ అంటే స్థలం కాదు, హక్కుపత్రం. హక్కుపత్రానికి కాళ్ళుంటాయి.

ఇక్కడ మనం మింగుడు పడని ఇంకో ముక్క ఒప్పుకోవాలి. 2019లో హైదరాబాద్‌కి ఆ చోటు ఎలా వచ్చింది? ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడి, దాని స్థానం మనకి వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణేలో ఐదేళ్ళు అరిచిన అభిమానులు ఉన్నారు. వాళ్ళ జట్టు పోయిన వేసవిలోనే మనం జెర్సీ రంగు ఏమిటా అని సంబరపడ్డాం. ఇప్పుడు ఢిల్లీలో ఎవరో కుర్రాడు సరిగ్గా అలాగే సంబరపడుతుంటాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడితో కలిసి చప్పట్లు కొట్టే ఉద్దేశమూ లేదు.

జట్టు పారిపోతే అభిమానులు ఏం చేయగలరో చూపించినవాళ్ళు లండన్‌లో ఉన్నారు. వింబుల్డన్ ఎఫ్‌సీ చిన్న క్లబ్బు, 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్పు కొట్టింది. 2002 మేలో ముగ్గురు సభ్యుల కమిషన్ ఆ క్లబ్బు మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలిపోవడానికి అనుమతి ఇచ్చింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఆటగాళ్ళు కావాలని ప్రకటిస్తే ఊరి మైదానానికి రెండు వందల మందికి పైగా వచ్చారు, వాళ్ళలోంచి ఎంచుకున్నారు. ఇంగ్లండ్‌లో తొమ్మిదో అంచెలో మొదలుపెట్టి, 2011కి నాలుగో అంచెకి చేరారు. తర్వాత ఆ మిల్టన్ కీన్స్ జట్టుతో ఒకే డివిజన్‌లో ఆడారు. 2020లో తమ పాత పేటలోనే కొత్త స్టేడియంలో అడుగుపెట్టారు. అది అభిమానుల సొంత క్లబ్బు.

హైదరాబాద్‌లో రేపే అలా చేసేద్దాం అని అనను. అక్కడ వందేళ్ళుగా అల్లుకున్న డివిజన్ల మెట్లున్నాయి, ఎక్కడానికి దారి ఉంది. మన దగ్గర ఆ మెట్లలో సగం విరిగిపోయి ఉన్నాయి. కాకపోతే వాళ్ళు ఢిల్లీ, బ్లాస్టర్స్ లాంటి ప్రశ్న వేసుకోలేదని గమనించు. మిల్టన్ కీన్స్ వెళ్ళి చూద్దామా, పక్కనున్న చెల్సీకి మారదామా అని అడగలేదు. ఊళ్ళో ఏం మిగిలిందని అడిగారు.

మన ఊళ్ళో చాలానే మిగిలింది, మనకి తెలియదు అంతే. ఆరేళ్ళ ఫ్రాంచైజీతో హైదరాబాద్ ఫుట్‌బాల్ మొదలవలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, అప్పట్లో దేశంలో పెద్ద టోర్నీ అయిన రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతిలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారాయన. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, ఆ తర్వాత తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. వీళ్ళలో దాదాపు అందరూ పేరు తెచ్చుకున్నది కోల్‌కతా క్లబ్బుల్లో. హబీబ్‌ని అక్కడ 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్నారు, మన దగ్గర ఆయన వీధిలో నడిచి వెళ్తుంటే గుర్తుపట్టేవాళ్ళే తక్కువగా ఉండేవారు. అంటే ఈ ఊరి అభిమాని తన మనుషులు వేరే ఊరి రంగుల్లో ఆడటం చూడటానికి మూడు తరాలుగా అలవాటుపడ్డాడు. మా పెద్దవాళ్ళు ఈస్ట్ బెంగాల్ స్కోరు పేపర్లో వెతికేది ఈస్ట్ బెంగాల్ కోసం కాదు.

అందుకే బ్లాస్టర్స్ నీకు అంటదన్నాను. కొచ్చిలో పుట్టినవాడికి ఆ పసుపు వెనక ఏడుగురేసి ఆడే సెవెన్స్ మైదానాలున్నాయి, వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని చూసిన మ్యాచులున్నాయి. నీకు అవి లేవు. నువ్వు వాళ్ళతో గెలవగలవు, వాళ్ళతో ఓడలేవు. ఓడిన రోజు వాళ్ళు బాధపడుతుంటే నువ్వు పక్కన అతిథిలా కూర్చుంటావు. పైగా ఒక మాట చెప్పనా, బ్లాస్టర్స్ ఐఎస్ఎల్ ఫైనల్‌కి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ ఓడిపోయారు, మూడోది మన చేతిలోనే. ఆఫీసులో నిన్ను ఏడిపించే వాళ్ళు నీకంటే పాత ఓటమి మనుషులు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది జట్టుని కాదు, ఓడాక కూడా మరుసటి వారం గ్యాలరీ నింపే అలవాటుని.

వెక్కిరింపుల సంగతి కొస్తే, 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్దీనీ అనే సైకాలజిస్టు బృందం కాలేజీ ఫుట్‌బాల్ అభిమానుల మీద ఒక అధ్యయనం చేసింది. జట్టు గెలిచాక వచ్చిన సోమవారం విద్యార్థులు కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చారు. మ్యాచ్ గురించి చెప్పమంటే గెలిచినప్పుడు మనం అన్నారు, ఓడినప్పుడు వాళ్ళు అన్నారు. మన దగ్గర ఇది చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు, గెలిస్తే మనోళ్ళు, ఓడితే వాళ్ళు ఎప్పుడూ అంతే. నువ్వు చేయాల్సింది దీన్ని తలకిందులు చేయడమే. ఓడిన మర్నాడే జెర్సీ వేసుకుని ఆఫీసుకెళ్ళు. 'మీ వాళ్ళు గోల్ కొట్టారట కదా, ఎవరి పోస్టులో?' అని అడిగేవాడికి ముందే నువ్వే ఆ జోకు వేసెయ్యి. మన మీద మనం వేసుకునే జోకుకి మించిన జోకు అవతలివాడి దగ్గర ఉండదు. క్లీవ్‌లాండ్ వాళ్ళు దీంట్లో ఆరితేరారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 2017 సీజన్లో 16కి 16 ఓడారు. అభిమానులు 2018 జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. ఆ ఊరికి కూడా జట్టు పారిపోయిన అనుభవం ఉంది. 1995లో యజమాని జట్టుని బాల్టిమోర్ తీసుకుపోతానంటే ఊరు ఊరంతా పోరాడి పేరు, రంగులు, రికార్డులు మాత్రం తమ దగ్గరే ఉంచుకుంది. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. వచ్చి మళ్ళీ ఓడటం మొదలుపెట్టింది, అది వేరే విషయం.

కబడ్డీ చూసేవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. తెలుగు టైటాన్స్ ప్రో కబడ్డీలో వరసగా మూడు సీజన్లు ఆఖరి స్థానంలో నిలిచింది, మూడూ కలిపినా గెలుపులు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. అయినా హైదరాబాద్‌లో మ్యాచులంటే జనం వచ్చారు. మనవాళ్ళకి ఓర్పు లేదు, గెలిస్తేనే వస్తారు అనేవాళ్ళ మాట నేను అందుకే నమ్మను. మనవాళ్ళు వస్తారు. ఎక్కడికి రావాలో ఎవరూ చెప్పరు, అదీ సమస్య.

నీ అన్న కొడుకు గురించి కూడా రాశావు, వాడు బ్లాస్టర్స్ జెర్సీ అడుగుతున్నాడని. కొనివ్వు. పిల్లల మీద విధేయత రుద్దితే వాళ్ళు ఆటనే వదిలేస్తారు. మా వాడు మాంచెస్టర్ సిటీ అంటాడు, వాడి లెక్కలో ఫుట్‌బాల్ అంటే శనివారం సాయంత్రం గెలవడం. నేనేమీ అనను. కాకపోతే వాణ్ణి అప్పుడప్పుడు గ్రౌండుకి తీసుకెళ్తాను. టీవీలో వినపడనివి అక్కడ వినపడతాయి: డిఫెండర్ తన కీపర్ని పిలిచే కేక, షిన్‌గార్డుకి బూటు తగిలిన చప్పుడు, బెంచీ మీద నుంచి కోచ్ ఉర్దూలో పెట్టే తిట్లు. ఆ తిట్లకి వాడు నవ్విన నవ్వు ఎర్లింగ్ హాలండ్ ఎన్ని గోల్స్ కొట్టినా రాలేదు.

ఇక ఇప్పుడు ఎక్కడికెళ్ళాలి? శ్రీనిధి దక్కన్ గురించి నీకు తెలిసే ఉంటుంది. 2015లో మొదలై 2021-22లో, ఐఎస్ఎల్ తర్వాతి లీగ్ అయిన ఐ-లీగ్‌లోకి వచ్చింది, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానం. ఊరి శివార్లలో అజీజ్‌నగర్ దగ్గర వాళ్ళ దక్కన్ అరీనా ఉంది. చిన్న గ్రౌండు, ట్రాక్ లేదు, మైదానం దగ్గరగా కనపడుతుంది. దూరం ఎక్కువ, సొంత బండి లేకపోతే తిరుగు ప్రయాణం కష్టం. నేను దాన్ని హైదరాబాద్ ఎఫ్‌సీకి బదులు అనుకోను, అలా అనుకుని వెళ్తే నిరాశపడతావు. ఊళ్ళో ఉన్న ఇంకో జట్టుగా చూడు, మెల్లగా ఒకరిద్దరు ఆటగాళ్ళు నచ్చుతారు, తర్వాత దానంతట అదే జరుగుతుంది. లీగ్ షెడ్యూల్ ఎప్పుడు మారుతుందో దేవుడికే తెలుసు, కాబట్టి ముందుగా సెలవు పెట్టుకోకు.

రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ చివరి రౌండ్లు 2024 డిసెంబరులో ఇక్కడే జరిగాయి. తెలంగాణ గ్రూపు దశ దాటలేదు. ఫైనల్ 31న గచ్చిబౌలిలో, ఆఖరి నిమిషాల్లో రోబీ హాన్స్‌దా గోల్‌తో బెంగాల్ 1-0తో కేరళని ఓడించింది. మన జట్టు లేని ఫైనల్ చూడటానికి మన ఊరివాళ్ళు కొందరు వచ్చారు, వాళ్ళ మొహాలు నాకు లోకల్ లీగ్ మ్యాచుల్లో ఎప్పుడూ కనపడే మొహాలే. నువ్వు కలవాల్సింది వాళ్ళని.

రహీమ్ పేరు మీద ఊళ్ళో లోకల్ క్లబ్బుల ఎ-డివిజన్ లీగ్ నడుస్తుంది. మ్యాచులు సాధారణంగా మధ్యాహ్నం పూట, జనం పలచగా ఉంటారు. టికెట్ గొడవ ఉండదు, కుర్చీ దొరకడం అనుమానం, నీడ అసలే ఉండదు. టోపీ, రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళు. మైదానమూ టైమూ ఆఖరి నిమిషంలో మారుతుంటాయి, బయల్దేరే ముందు ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కో. ఏ జట్టుకి మద్దతివ్వాలో తెలియకపోతే ఓడిపోతున్న వైపు టచ్‌లైన్ దగ్గర నిలబడు, అక్కడ మాట్లాడేవాళ్ళు ఎక్కువగా దొరుకుతారు. నేను వెళ్ళే వారం ముందురోజు ఇక్కడే రాస్తాను, రావాలనిపిస్తే వచ్చెయ్. అన్న కొడుకుని కూడా తీసుకురా, పసుపు జెర్సీయే వేసుకు రానీ.